నోటీసు రాకముందు చేసుకోవాల్సిన పని

చిన్న ఫ్యాక్టరీ నడిపే యజమానికి యూనియన్ రెండు సందర్భాల్లోనే గుర్తొస్తుంది: గేటు దగ్గర జెండా కట్టినప్పుడు, లేబర్ ఆఫీసు నుంచి కవరు వచ్చినప్పుడు. మిగిలిన రోజులన్నీ "మా దగ్గర అలాంటివేం లేవండీ" అన్న ధీమాలో గడిచిపోతాయి. ఇన్నాళ్లూ ఆ ధీమా చెల్లింది కూడా. సంఘం పెట్టుకునే హక్కును కార్మికులకిచ్చిన చట్టం, ఆ సంఘంతో కూర్చుని మాట్లాడి తీరాలని యజమానికి ఎక్కడా చెప్పలేదు.

2025 నవంబర్ 21 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఆ రోజు అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, ఈ మూడింటి స్థానంలోకి వచ్చింది. పార్లమెంటు ఆమోదించింది 2020లోనే. అంటే సిద్ధం కావడానికి యాజమాన్యాలకు ఐదేళ్లు దొరికాయి. ఆ ఐదేళ్లనూ చాలామంది "వస్తే చూద్దాం" అంటూ గడిపేశారు.

చట్టం మారిందనగానే లాయరుకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ, తమ మస్టర్ రోల్ తెరిచి చూసుకునేవాళ్లు తక్కువ. లాయరు అవసరం తర్వాత ఎలాగూ పడుతుంది. ముందు మస్టర్ సంగతి చూడండి. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1918లో మద్రాసులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. కొద్దికాలానికే గొడవ ముదిరింది. మిల్లు యాజమాన్యం యూనియన్ అధ్యక్షుడు బి.పి. వాడియా మీద, ఇతర నాయకుల మీద మద్రాసు హైకోర్టులో దావా వేసి ఇంజంక్షన్ తెచ్చుకుంది. కార్మికుల తరఫున మాట్లాడటమే నేరమైతే ఇక సంఘాలు బతికేదెలా అన్న ప్రశ్న దేశమంతా లేచింది. ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. వాటన్నిటి ఫలితం 1926 చట్టం. అది సంఘానికి రక్షణనిచ్చింది, గుర్తింపునివ్వలేదు. యజమాని గుర్తించి తీరాలంటూ 1947లో ఒక సవరణ చేశారు గానీ దాన్ని అమల్లోకి తేనేలేదు. మహారాష్ట్ర లాంటి రాష్ట్రాలు సొంత చట్టం చేసుకున్నాయి. మిగతా చోట్ల గుర్తింపు యజమాని దయ మీదో, సంప్రదాయం మీదో, సమ్మె బలం మీదో ఆధారపడి నడిచింది.

కొత్త కోడ్ సెక్షన్ 14 తీర్చింది ఆ లోటునే. సంస్థలో ఒకే రిజిస్టర్డ్ యూనియన్ ఉంటే, నియమాల్లో చెప్పిన ప్రమాణాలకు సరిపోయినంత వరకు దాన్నే సంప్రదింపుల యూనియన్‌గా గుర్తించాలి. ఒకటికంటే ఎక్కువ ఉంటే, మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం లేదా అంతకు మించి మద్దతున్న సంఘానిదే గుర్తింపు. అంత బలం ఎవరికీ లేకపోతే, 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాల ప్రతినిధులతో యజమానే సంప్రదింపుల మండలిని ఏర్పాటు చెయ్యాలి. గుర్తింపు మూడేళ్లు చెల్లుతుంది. రెండు పక్షాలూ ఒప్పుకుంటే మొత్తం ఐదేళ్ల వరకు.

ఈ లెక్కలన్నిటికీ ఆధారం మస్టర్ రోల్. మీ మస్టర్ తప్పుల తడకైతే లెక్కా తప్పవుతుంది. ఆ తప్పు మీ నెత్తినే పడుతుంది.

మస్టర్ తెరవండి

జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో 250 మందితో నడిచే యూనిట్ అనుకుందాం. హెచ్ఆర్ వాళ్లనడిగితే "రెండొందల యాభై సార్" అంటారు. తరచి చూస్తే అందులో బద్లీలు (ఒకరి బదులు పనికి వచ్చేవాళ్లు), ట్రైనీలు, అప్రెంటిస్‌లు, సూపర్‌వైజర్లు కలిసి ఉంటారు. కాంట్రాక్టర్ మనుషులు వేరే రిజిస్టర్‌లో ఉంటారు, కొన్నిచోట్ల ఏ రిజిస్టర్‌లోనూ సరిగ్గా ఉండరు. చట్టప్రకారం నియమితుడైన అప్రెంటిస్ కోడ్ దృష్టిలో వర్కర్ కాడు. నెలకు 18,000 రూపాయలు దాటి వేతనం తీసుకునే సూపర్‌వైజర్ కూడా కాడు.

చిక్కంతా 'సూపర్‌వైజర్' దగ్గరే. ఫోర్‌మన్ అని హోదా ఇచ్చి, జీతం 22,000 చేసి, రోజంతా లేత్ మిషన్ మీదే నిలబెడితే అతను సూపర్‌వైజర్ అయిపోడు. హోదా కంటే చేసే పని ముఖ్యమని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అలాంటి పదిమంది పేర్లు మీ జాబితాలో ఉంటే 51 శాతం ఎవరికో తేల్చే రోజున గొడవ వాళ్ల దగ్గరే మొదలవుతుంది. ఇప్పుడే ఒక్కొక్కరి పనినీ రాసి పెట్టుకోండి: ఎవరి సెలవు ఎవరు మంజూరు చేస్తున్నారు, ఎవరి కింద ఎంతమంది, మిషన్ మీద ఎన్ని గంటలు. కాగితం మీద సూపర్‌వైజర్లను పెంచేస్తే యూనియన్ బలం తగ్గుతుందని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. మొదటి వివాదంలోనే బయటపడే ఎత్తు అది.

ఇక మండలి సంగతి. పై యూనిట్లో వర్కర్లు సరిగ్గా 250 మందే అనుకుని, ఒక యూనియన్‌కు 100 మంది, రెండోదానికి 75, మూడోదానికి 30 మంది మద్దతుందనుకోండి. మిగిలిన 45 మంది ఎటూ లేరు. అంటే 40 శాతం, 30 శాతం, 12 శాతం. 51 ఎవరికీ లేదు. మూడోది 20 శాతానికి చేరలేదు కాబట్టి మండలిలో దానికి చోటు లేదు. ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున మొదటిదానికి ఇద్దరు, రెండోదానికి ఒకరు. 20 తీసేశాక రెండోదానికి మిగిలే 10 శాతం సంగతేమిటి? మిగులు గురించి సెక్షన్‌లో ఒక మాట ఉంది గానీ చదివినవాళ్లు తలా ఒక రకంగా అర్థం చేసుకునేటట్టుంది. మీకు వర్తించే నియమాలు చూసి, ఆ లెక్కను లేబర్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఎందుకింత జాగ్రత్తంటే, మండలిలోని ప్రతినిధుల్లో మెజారిటీ ఒప్పుకుంటేనే ఒప్పందం కుదిరినట్టు. ఇద్దరూ ఒకరూ ఉన్న మండలి నడిచే తీరు వేరు, ఇద్దరూ ఇద్దరూ ఉన్న మండలి నడిచే తీరు వేరు.

గుర్తింపు సంఘం అన్న మాట తెలుగువాళ్లకు కొత్తేం కాదు. సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్ ఎన్నికలు జరుగుతున్నాయి. ఒకప్పుడు గనికో సంఘం, పూటకో సమ్మెగా ఉన్న సంస్థలో ఎవరితో మాట్లాడాలో తేల్చింది ఆ బ్యాలెట్టే. అయితే 2023 డిసెంబర్ ఎన్నికలను కొత్త కోడ్ కళ్లతో చూడండి. కంపెనీ స్థాయిలో ఏఐటీయూసీ గెలిచింది, పదకొండు ఏరియాల్లో ఆరింటిని ఐఎన్‌టీయూసీ గెలుచుకుంది. ఓట్లు పోటాపోటీగా చీలాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచినట్టన్న పాత పద్ధతి వేరు, మస్టర్‌లో సగానికి మించి చూపించాలన్న కొత్త కొలత వేరు. పోలైన ఓట్లలో కాదు, మొత్తం కార్మికుల్లో 51 శాతం. రెండు మూడు బలమైన సంఘాలున్న చోట అది కష్టం. కాబట్టి పాత సంస్థల యజమానులు ఒక్క నాయకుడితో తలుపులు మూసుకుని మాట్లాడుకునే అలవాటును వదులుకోక తప్పదు. మండలితో కూర్చోవడం నేర్చుకోవాలి.

ఇరవై మంది ఉంటే చాలు

51 శాతం లెక్క గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. యాజమాన్యాన్ని నిజంగా కాపాడేది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని సెక్షన్ 4. ఇరవై మంది, ఆపైన వర్కర్లున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. సభ్యులు పదిమందికి మించకూడదు, యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపూ అందరే. మొత్తం వర్కర్లలో మహిళలు ఎంత శాతమో కమిటీలోనూ అంతకు తగ్గకూడదు. వందలో ఎనభై మంది ఆడవాళ్లు పనిచేసే గార్మెంట్ యూనిట్లో పదిమంది కమిటీ వేస్తే ఎనిమిది మంది ఆడవాళ్లే ఉండాలన్నమాట. చాలా కంపెనీలు ఒకరిద్దరి పేర్లు రాసి సరిపెట్టేస్తున్నాయి. చెల్లదు.

ఛైర్మన్ పదవి ఏడాదికోసారి చేతులు మారుతుంది. ఒక ఏడాది యాజమాన్యం మనిషి, మరుసటి ఏడాది కార్మికుల మనిషి. ఇది విన్న యజమాని మొహంలో మార్పు కనిపిస్తుంది. తన ఫ్యాక్టరీలో తన ప్రొడక్షన్ మేనేజర్, ఒక ఫిట్టర్ అధ్యక్షతన కూర్చోవాలా అని. అవును, కూర్చోవాలి. ఆ మేనేజర్‌ను ముందుగా సిద్ధం చేసుకోవడం మీ పని. షాప్ ఫ్లోర్ మీద "ఏరా" అని పిలిచే మనిషిని మీటింగులో "గారూ" అని పిలవడం ఒక్కరోజులో అలవాటు కాదు. అసలు ఫ్లోర్ మీద కూడా ఆ పిలుపు మానిపిస్తే మీకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని పుట్టకుండానే పోతాయి.

కార్మికుడు సంఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా 60 రోజుల్లోపు తన యూనియన్ ద్వారా కన్సిలియేషన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లొచ్చు. చూశారా, యూనియన్ ఎక్కడ అడుగుపెడుతుందో? మీ కమిటీ తేల్చలేని ప్రతి చిన్న ఫిర్యాదూ యూనియన్ చేతికి పని కల్పిస్తుంది. అది యూనియన్ తప్పు కాదు.

కాబట్టి ఒక పుస్తకం పెట్టండి. అట్ట వేసిన, పేజీ నంబర్లున్న మామూలు రిజిస్టర్ చాలు. తేదీ, పేరు, టోకెన్ నంబరు, ఫిర్యాదు కార్మికుడి మాటల్లోనే, ఎవరు చూస్తున్నారు, ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు. మొదటి నెలలో వచ్చేవి ఇలా ఉంటాయి: "బి షిఫ్టు బస్సు బాలానగర్‌లో ఆగట్లేదు." "ఆదివారం ఓటీ స్లిప్పులో ఎక్కలేదు." "క్యాంటీన్‌లో రాత్రి అన్నం చల్లగా ఉంటోంది." నవ్వుకోకండి. ఓటీ స్లిప్పు గురించి మూడు నెలల్లో ఆరుగురు రాశారంటే మీ టైమ్ ఆఫీసులో ఎవరో తప్పు చేస్తున్నట్టు. గేటు మీటింగులో ఆ ఆరుగురూ అరవై మందవుతారు. చేయలేని పనైతే చేయలేమని, కారణంతో సహా, అదే పుస్తకంలో రాయండి. జవాబు రాకపోవడం కాదన్న జవాబు కంటే ఎక్కువ మంట పుట్టిస్తుంది.

పద్నాలుగు రోజులు

పాత చట్టంలో ముందస్తు సమ్మె నోటీసు నిబంధన ప్రజావసర సేవలకే ఉండేది. ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థలకూ వచ్చింది. నోటీసు ఇచ్చిన 14 రోజుల్లోపు సమ్మె చేయకూడదు, ఇచ్చిన 60 రోజుల్లోపే చేసెయ్యాలి. కన్సిలియేషన్ ఆఫీసర్ మొదటి మీటింగు పెట్టాడంటే ఆ ప్రక్రియ నడుస్తున్నంతకాలం, ముగిశాక ఏడు రోజులూ సమ్మె చట్టవిరుద్ధం. ట్రిబ్యునల్ ముందుకు వెళ్తే ముగిశాక 60 రోజులు. ఇవే నియమాలు లాకౌట్‌కూ వర్తిస్తాయి. కోపంలో గేటుకు తాళం వేసిన యజమానికి 50,000 నుంచి లక్ష రూపాయల జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ. చట్టవిరుద్ధ సమ్మె చేసిన కార్మికుడికి జరిమానా 1,000 నుంచి 10,000, జైలు అంతే.

ఇది కార్మికుల సమ్మె హక్కును దాదాపు ఎత్తేసిందని కార్మిక సంఘాలు అంటున్నాయి. ఆ విమర్శలో పస ఉంది. నోటీసు రాగానే కన్సిలియేషన్ మొదలైతే సమ్మెకు చట్టబద్ధమైన రోజు దొరకడం కష్టమే. అది చూసి యజమాని సంబరపడితే మాత్రం పొరపాటు. చట్టబద్ధమైన దారి మూసుకుపోయినంత మాత్రాన కోపం ఇంటికి వెళ్లిపోదు. స్లో డౌన్ రూపంలో, తనిఖీల్లో మాల్ రిజెక్ట్ కావడంలో, మంచి ఫిట్టర్లు పక్క కంపెనీకి వెళ్లిపోవడంలో కనపడుతుంది.

నోటీసు అందిన ఐదు రోజుల్లోపు ప్రభుత్వానికి, కన్సిలియేషన్ ఆఫీసర్‌కు మీరు తెలియజేయాలి. ఆ ఉత్తరం ఎవరు రాస్తారు, ఎవరు సంతకం పెడతారు, యజమాని ఊళ్లో లేకపోతే ఎవరు? ఈ మూడింటికీ పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి. మీ తరఫున మాట్లాడే మనిషికి ఎంతవరకు ఒప్పుకునే అధికారం ఉందో కూడా. "సార్‌ను అడిగి చెప్తాను" అని పదకొండుసార్లు లేచి వెళ్లే మేనేజర్‌ను పంపితే రాజీ మీటింగు కాస్తా రాయబారమైపోతుంది.

ఒక చిక్కుముడి ప్రత్యేకంగా మన వాళ్ల కోసం. సగం మంది, అంతకు మించి వర్కర్లు కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందికే వస్తుందని కోడ్ చెప్పింది. కోస్తా జిల్లాల ఫ్యాక్టరీల్లో భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో హాజరు ఎలా ఉంటుందో తెలిసిందే. సగానికి సగం మంది రారు, ఎవరూ ఎవరితోనూ కుట్ర చేయరు, అందరికీ పండగే. ఈ నిబంధన చూపించి జనవరి 17న షోకాజ్ నోటీసులు ఇచ్చే హెచ్ఆర్ మేనేజర్ ఎక్కడో ఒకచోట తయారవుతాడు. అంతదాకా తెచ్చుకోకండి. పండగ సెలవుల జాబితాను డిసెంబర్ మొదటి వారంలో యూనియన్‌తో కూర్చుని వేసుకోండి. ఎవరు ఏ రోజు, బదులుగా ఏ ఆదివారం పని. మండలితో కలిసి పనిచేయడం నేర్చుకోవడానికి ఇంత తేలికైన అంశం ఇంకోటి దొరకదు.

చేయకూడనివి

కోడ్ రెండో షెడ్యూల్‌లో అనుచిత చర్యల జాబితా ఉంది. యూనియన్‌లో చేరితే తీసేస్తామని బెదిరించడం, యాజమాన్యమే తెరవెనుక ఒక సంఘం పెట్టించడం, నాయకుణ్ణి పాలనా కారణాల పేరుతో దూరం బదిలీ చేయడం, సంఘం పెట్టుకుంటున్న సమయం చూసి దాన్ని దెబ్బతీయడానికి జీతాలు పెంచడం, మనుషుల్ని ఏళ్ల తరబడి బద్లీలుగానో క్యాజువల్‌గానో ఉంచెయ్యడం. జరిమానా 10,000 నుంచి 2 లక్షలు. కార్మికులకూ ఈ జాబితాలో చోటుంది: ఘెరావ్, గో స్లో, యజమాని ఇంటి ముందు ధర్నా. మన యజమానులు తమ వైపు జాబితాను చదవరు, అవతలి వైపు జాబితాను కంఠతా పడతారు.

2024 సెప్టెంబర్ 9న శ్రీపెరంబుదూర్ శాంసంగ్ ఫ్యాక్టరీలో మొదలైన సమ్మె నెలకు పైగా సాగింది. వెయ్యి మందికి పైగా కార్మికులు బయట కూర్చున్నారు. జీతాల కోరికలు ఉన్నాయి గానీ పీటముడి పడింది యూనియన్ గుర్తింపు దగ్గర. సంఘం పేరులో కంపెనీ పేరు ఉండకూడదన్న అభ్యంతరంతో రిజిస్ట్రేషన్ ఆగింది, వ్యవహారం మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. చివరికి 2025 జనవరిలో అదే పేరుతో సంఘం రిజిస్టరైంది. ఇంత ప్రతిఘటన తర్వాత కంపెనీకి మిగిలిందేమిటి? మొదటి వారంలోనే ఒప్పుకుంటే దొరికేదే.

యానాం కథ ఇంకా చేదు. జీతాల పెంపు కోసం, పర్మనెంట్ కోసం రీజెన్సీ సిరామిక్స్‌లో మొదలైన వివాదం 2012 జనవరి 27న ఒక యూనియన్ నాయకుణ్ణి, కంపెనీ ప్రెసిడెంటును ఇద్దరినీ బలితీసుకుంది. ఫ్యాక్టరీ తగలబడి ఏళ్ల తరబడి మూతపడింది. ఆ రోజు ఎవరిది ఎంత తప్పో ఇక్కడ తూకం వేయడం లేదు. మాట్లాడుకునే బల్ల లేకపోతే నష్టం ఒక్క వైపుకే పరిమితం కాదని చెప్పడానికి గోదావరి గట్టున అంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు.

ఈ విషయంలో వి.వి. గిరి గారిని గుర్తుచేసుకోవాలి. రాష్ట్రపతి కావడానికి చాలా ముందు ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు, ఆ తర్వాత కేంద్ర కార్మిక మంత్రి. ప్రతి వివాదాన్నీ ప్రభుత్వమే ట్రిబ్యునల్‌కు తోసే పద్ధతిని ఆయన గట్టిగా వ్యతిరేకించారు, ఇరువైపులా కూర్చుని తేల్చుకోవాలన్నారు. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవే వదులుకున్నారు. ఆయన వాదన అప్పట్లో ఓడిపోయింది. గుర్తింపు సంఘాన్ని చట్టంలో పెట్టడానికి ఆ తర్వాత ఏడు దశాబ్దాలు పట్టింది.

మిగిలినవి త్వరగా చూద్దాం. స్టాండింగ్ ఆర్డర్లు ఇప్పుడు 300 మంది, ఆపైన ఉన్న సంస్థలకే తప్పనిసరి. పాత కేంద్ర చట్టంలో అది 100. అంతకంటే చిన్న యూనిట్ అయినా క్రమశిక్షణ నియమాలను తెలుగులో రాసి గేటు దగ్గర పెట్టండి. రాసిన నియమం లేకుండా ఇచ్చిన ఛార్జిషీటు విచారణలో నిలబడటం కష్టం. లే ఆఫ్, రిట్రెంచ్‌మెంట్, మూసివేతకు ముందస్తు అనుమతి కూడా 300 నుంచే. అందుకని 299 దగ్గర ఆగిపోయి మిగతావాళ్లను కాంట్రాక్టులో పెట్టుకుందామనే ఆలోచన వస్తుంది. చట్టం ఒప్పుకున్నా, నాలుగేళ్లలో మీ చేతిలో నైపుణ్యం ఉన్న మనిషి మిగలడు. రిట్రెంచ్ చేసిన ప్రతి కార్మికుడికీ మామూలు పరిహారం కాక, రీ స్కిల్లింగ్ నిధి కింద 15 రోజుల వేతనం కూడా కట్టాలి. అది 45 రోజుల్లో అతని ఖాతాలో పడాలి. బడ్జెట్‌లో ఆ పద్దు రాసుకోండి.

ఇక మీరు చేయాల్సింది. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో అధిక భాగానికి వర్తించేది రాష్ట్ర ప్రభుత్వ నియమాలే. మద్దతును ఎలా లెక్కిస్తారు, గుర్తింపు పొందిన యూనియన్‌కు ఏ సౌకర్యాలు ఇవ్వాలి అన్నవి అందులోనే ఉంటాయి. ఈ వారంలో మస్టర్ పట్టుకుని లేబర్ ఆఫీసుకు మీరే వెళ్లి, మీ రాష్ట్రంలో నియమాల పరిస్థితి ఏమిటో అడగండి. కన్సల్టెంట్‌ను పంపకండి. తిరిగొచ్చాక మీ ఫ్యాక్టరీలో ఉన్న సంఘం నాయకుణ్ణి, సంఘం లేకపోతే నలుగురి మాట వినే సీనియర్ వర్కర్‌ను పిలిచి, కుర్చీ వేసి, ఫిర్యాదుల కమిటీకి పేర్లు ఇమ్మని అడగండి.